మైనస్ 97 అంటే మందు దొరికినట్టేనా?

ప్రశ్న: మా అక్కకు 31 ఏళ్లు. నాలుగేళ్లుగా, పేగులు వాచి పుండ్లు పడే క్రోన్స్ వ్యాధితో బాధపడుతోంది. అజాథయోప్రిన్ వాడుతోంది. ఈలోగా రెండుసార్లు ఆసుపత్రిలో చేరింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, జీవశాస్త్రం బడితోనే ఆగిపోయింది. అయినా ఊరుకోలేక చదవడం మొదలుపెట్టాను. క్రోన్స్ రోగుల పేగుల్లో ఏ జన్యువులు ఎక్కువగా, ఏవి తక్కువగా పనిచేస్తున్నాయో చెప్పే ఒక పరిశోధన పత్రం దొరికింది. అందులోని జన్యువుల జాబితాను కనెక్టివిటీ మ్యాప్ అనే డేటాబేస్‌లో పెట్టి వెతికాను. ఆ జన్యువులను సరిగ్గా వ్యతిరేక దిశలో మార్చే మందులు వరుసగా వచ్చాయి. నాలుగో స్థానంలో ఉన్నది వేరే జబ్బుకు ఎప్పటినుంచో వాడుతున్న మామూలు మాత్ర. దాని స్కోరు మైనస్ 97. అంటే 97 శాతం పనిచేస్తుందనే కదా? అక్క ఇది విని, ఇప్పుడు వాడుతున్న మందు ఆపేసి దీన్ని మొదలుపెడదామంటోంది. డాక్టరుగారిని అడిగితే నవ్వుతారేమోనని భయం. నేను చేసింది పిచ్చి పనా?

సమాధానం:

ముందు రెండు మాటలు. ఆ మాత్ర మొదలుపెట్టకండి. అజాథయోప్రిన్ ఆపకండి. ఈ రెండూ మీ అక్కగారికి ఈ రోజే చెప్పండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

అజాథయోప్రిన్ రోగనిరోధక వ్యవస్థ జోరును తగ్గించే మందు, నిదానంగా పనిచేస్తుంది. దాని ప్రభావం పూర్తిగా కనిపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. సొంతంగా ఆపేస్తే వ్యాధి తిరగబెట్టవచ్చు. అప్పుడు నాలుక కరచుకుని మళ్లీ మొదలుపెట్టినా మళ్లీ అన్ని నెలలూ ఎదురుచూడాలి. ఆ మధ్యకాలంలో పేగు ఊరుకోదు.

మీరు ఉత్తరంలో ఆ మాత్ర పేరు రాశారు, నేను తీసేశాను. ఉత్తరం రాయకుండా పేరు మాత్రం కాగితం మీద ఎక్కించుకుని మందుల షాపుకు వెళ్లేవాళ్లు ఉంటారని నా అనుభవం.

మీరు చేసింది పిచ్చి పని కాదు. సరిగ్గా ఇదే పనిని, ఇదే జబ్బు మీద, మంచి పేరున్న పరిశోధకులు 2011లో చేశారు. దాని కథ చెప్తాను, మీ ప్రశ్నకు అసలు జవాబు అందులోనే ఉంది. దానికంటే ముందు మైనస్ 97 సంగతి చూద్దాం.

అది శాతం కాదు, వరుసలో స్థానం లాంటిది. మీరిచ్చిన జాబితాకు ఒక్కో మందు ఎంత గట్టిగా ఎదురు నిలిచిందో లెక్కగట్టి, ఆ బలాన్ని డేటాబేస్‌లో ముందే లెక్కించి పెట్టుకున్న వేల పోలికల పక్కన నిలబెడతారు. మైనస్ గుర్తు ఎదురు దిశను చెబుతుంది. 97 అంటే ఆ పోలికల్లో నూటికి మూడు మాత్రమే ఇంతకన్నా బలంగా ఉన్నాయని. అంతకుమించి అందులో ఏమీ లేదు. నూరుమంది పరీక్ష రాసి నూరుమందీ తప్పినా ఎవరో ఒకరికి మొదటి ర్యాంకు వస్తుంది కదా. ఆ ర్యాంకు చూసి అబ్బాయి పాసయ్యాడనుకుంటే ఎలా ఉంటుందో, మైనస్ 97 చూసి మందు పనిచేస్తుందనుకోవడం అలాగే ఉంటుంది.

ఇంతకీ ఆ మాత్ర రాసిన పరీక్ష ఏమిటి? దీన్ని కాస్త దగ్గరనుంచి చూపిస్తాను, ఎందుకంటే ఇరవై ఏళ్లు నేను చేసిన పని ఇదే.

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలకను ఊహించుకోండి. దాన్ని ప్లేటు అంటాం. అందులో పదహారు అడ్డ వరుసలు, ఇరవై నాలుగు నిలువు వరుసలు, మొత్తం 384 గుంటలు. ఒక్కొక్కటి అగ్గిపుల్ల తల దూరేంత వెడల్పు. ప్రతి గుంట అడుగున కొన్ని వేల కణాలు అంటుకుని బతుకుతుంటాయి. పైన గులాబీ రంగు పోషక ద్రవం. యంత్రం ఒక్కో గుంటలో ఒక్కో మందును, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి, కంటికి కనిపించనంత చుక్కగా వేస్తుంది. కొన్ని గుంటల్లో మందు లేకుండా డీఎంఎస్ఓ మాత్రమే వేస్తారు, పోల్చుకోవడానికి. ప్లేటును 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో ఆరు గంటలో ఇరవై నాలుగు గంటలో ఉంచుతారు. తర్వాత కణాలను పగలగొట్టే ద్రవం పోస్తారు. పరీక్ష అక్కడితో ముగిసింది. మీ మాత్ర గురించి ఆ డేటాబేస్‌కు తెలిసిందంతా ఆ కొద్ది గంటల్లో జరిగిందే.

పగిలిన కణాల్లోంచి బయటికి తీసేది ఎంఆర్ఎన్ఏ. జన్యువు మూల దస్తావేజు అయితే ఎంఆర్ఎన్ఏ దాని నకలు చీటీ. ఏ జన్యువుకు ఎన్ని చీటీలు ఉన్నాయో లెక్కపెడితే ఆ జన్యువు ఆ సమయంలో ఎంత చురుగ్గా ఉందో తెలుస్తుంది. దీన్నే జన్యు వ్యక్తీకరణ అంటారు. ఒక మందు వేసినప్పుడు కొన్ని జన్యువుల చీటీలు పెరుగుతాయి, కొన్నింటివి తగ్గుతాయి. ఆ హెచ్చుతగ్గుల నమూనా ఆ మందు వేలిముద్ర అన్నమాట. 2006లో అమెరికాలోని బ్రాడ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్లు 164 రసాయనాల వేలిముద్రలతో మొదటి కనెక్టివిటీ మ్యాప్ ప్రకటించారు. 2017కు వచ్చేసరికి అది 13 లక్షలకు పైగా నమూనాలకు పెరిగింది.

అంత పెద్ద పని ఎలా కుదిరిందంటే, వాళ్లు అన్ని జన్యువులనూ కొలవలేదు. ఎల్1000 అనే ఆ పద్ధతిలో నిజంగా కొలిచేవి 978 జన్యువులు. కొలవడానికి వాడేవి సూక్ష్మమైన రంగు పూసలు. పూసల రంగులు 500, కాబట్టి ఒక్కో రంగును రెండు జన్యువులు పంచుకుంటాయి. ఒకదాని పూసలు రెండు వంతులు, రెండోదానివి ఒక వంతు కలిపి, వచ్చిన వెలుగును మళ్లీ లెక్కతో విడదీస్తారు. మిగతా పదకొండు వేలకు పైగా జన్యువుల స్థాయిని ఈ 978 ఆధారంగా అంచనా వేస్తారు. పది ఇళ్లలో దీపాలు చూసి వీధిలో కరెంటు ఉందని చెప్పినట్టు. ఆ అంచనా ఎక్కువ జన్యువుల విషయంలో సరిగ్గానే వస్తుంది, నూటికి ఎనభై పాళ్లు. మీ జాబితాలోని ముఖ్యమైన జన్యువు ఆ ఎనభైలో ఉందో మిగిలిన ఇరవైలో ఉందో మీరు చూసుకున్నారా?

ఈ గుంటలు మనిషిని ఎంత తేలిగ్గా మోసం చేస్తాయో నా సొంత కథ ఒకటి చెప్పాలి. ఒకసారి మేము ఒత్తిడి జన్యువులను, అంటే కణం కష్టంలో పడినప్పుడు చురుకెక్కేవాటిని, లేపే మందుల కోసం వెతుకుతున్నాం. పదహారు మందులు దొరికాయి. ల్యాబ్ అంతా పండగ. రెండు రోజుల తర్వాత ఫలితాల పటాన్ని ప్లేటు ఆకారంలో గీయించి గోడకు అంటిస్తే, పదహారూ ఒకే నిలువు వరుసలో ఉన్నాయి. ప్లేటు చిట్టచివరి వరుస. ఇంక్యుబేటర్‌లో అంచు గుంటల్లోంచి నీరు కాస్త ఎక్కువగా ఆవిరైపోతుంది. ద్రవం చిక్కబడి ఉప్పు పెరుగుతుంది. కణాలు ఆ ఉప్పుకు అల్లాడుతుంటే మేము మందుల ప్రతాపం అనుకున్నాం. అవే మందులను నడిమి గుంటల్లోకి మార్చి మళ్లీ చేశాం. పదిహేను చప్పబడిపోయాయి. మిగిలిన ఒక్కటీ ఏం చేస్తోందయ్యా అంటే, కణాలను చంపేస్తోంది. చస్తున్న కణంలో ఒత్తిడి జన్యువులు లేవకుండా ఎలా ఉంటాయి!

పెద్ద డేటాబేస్‌లవాళ్లు ఇలాంటి అంచు తప్పులను సరిచూసుకునే ఏర్పాట్లు చేసుకుంటారు, వాళ్లు మాలాంటి అమాయకులు కాదు. కానీ చావు సంగతి అక్కడ కూడా ఉంది. మీ జాబితాలో మొదటి మూడు స్థానాల్లో ఏమున్నాయో చూడండి. క్యాన్సర్ మందులు. వాటిని వేస్తే కణం ఆసాంతం కదిలిపోతుంది, వేల జన్యువులు అటూ ఇటూ అవుతాయి. అంత అలజడిలో మీరు ఏ జాబితా ఇచ్చినా ఎక్కడో ఒకచోట కలుస్తుంది.

ఇప్పుడు ఆ కణాలు ఎవరివో అడగాలి. డేటాబేస్‌లో బాగా వాడిన కణాల్లో ఎంసీఎఫ్7 ఒకటి. 1970లో అమెరికాలో రొమ్ము క్యాన్సర్‌తో ఉన్న ఒక క్రైస్తవ సన్యాసిని ఊపిరితిత్తుల చుట్టూ చేరిన ద్రవంలోంచి తీసిన కణాలవి. ఆమె పోయింది, కణాలు ఇప్పటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో పెరుగుతున్నాయి. పేగుకు దగ్గరగా ఉన్నది హెచ్‌టీ29, అదీ పెద్దపేగు క్యాన్సర్ కణమే. మీ అక్కగారి జబ్బు మాత్రం ఒక్క కణంలో ఉండే జబ్బు కాదు. పేగు పొర, దాని కింద చేరిన రోగనిరోధక కణాలు, అక్కడి సూక్ష్మజీవులు, గట్టిపడే మచ్చ కణజాలం, అన్నీ కలిసి చేసే గొడవ అది. ప్లాస్టిక్ గుంటలో వాటిలో ఒక్కటే ఉంది, అదీ రూపం మారి.

దీని వల్ల ఏం జరుగుతుందో రెండు మందులతో చెప్తాను. పేగు వాపు జబ్బుల్లో (క్రోన్స్ వాటిలో ఒకటి) చాలాకాలంగా వాడుతున్న సల్ఫాసలజీన్‌ను పెద్దపేగులోని బ్యాక్టీరియా రెండుగా తెంపితేనే పనిచేసే ముక్క విడుదలవుతుంది. గుంటలో బ్యాక్టీరియా ఉండదు, ఉంటే ఆ ప్లేటును పారేస్తాం. కాబట్టి అక్కడ కొలిచేది తెగని మందును. రెండోది ఇన్‌ఫ్లిక్సిమాబ్. 1998లో క్రోన్స్‌కు అనుమతి పొందింది, ఎందరో రోగుల జీవితాలను మార్చింది. అది టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతాన్ని పట్టి ఆపుతుంది. ఆ సంకేతం పంపే రోగనిరోధక కణాలే గుంటలో లేనప్పుడు అది ఆపడానికి ఏముంది? అంటే ఇలాంటి జబ్బులకు ఇప్పటికే నిగ్గు తేలిన మందుల్లో కొన్నింటిని ఈ పద్ధతి గుర్తుపట్టలేదు. తెలిసిన మందునే గుర్తుపట్టలేని చూపు, తెలియని మందును చూపిస్తే ఎంత నమ్మాలి?

మీ జాబితా వైపు కూడా ఒక చిక్కు ఉంది, నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. మీరు చదివిన పత్రంలో రోగుల పేగు ముక్కలను ఆరోగ్యవంతుల పేగు ముక్కలతో పోల్చి ఉంటారు. వాచిన పేగులో "పెరిగిన" జన్యువుల్లో చాలావాటికి, ఏ కణంలోనూ ఏ జన్యువూ చురుకెక్కకపోయినా సంఖ్య పెరుగుతుంది. ఎందుకంటే ఆరోగ్యమైన పేగులో అంతగా లేని తెల్ల రక్తకణాలు అక్కడికి గుంపులుగా వచ్చి చేరాయి. వాటి జన్యువులు వాటితో వచ్చాయి. హాల్లో ఎర్ర చొక్కాలు పెరిగాయంటే ఉన్నవాళ్లు చొక్కాలు మార్చుకున్నారని కాదు, బయటినుంచి ఎర్ర చొక్కాల గుంపు వచ్చిందని కూడా కావచ్చు. ఆ జన్యువులను రొమ్ము క్యాన్సర్ కణంలో తగ్గించే మందును వెతికితే, అసలా కణంలో అవి ఉంటేగా తగ్గడానికి!

పైగా పెరిగిన ప్రతి జన్యువూ దోషి కాదు. కొన్ని జబ్బును పెంచుతుంటాయి, కొన్ని జబ్బుతో పోరాడుతుంటాయి, పుండు మానడానికి లేచినవి కొన్ని. జాబితాలో అన్నీ ఒకే వరుసలో నిలబడి ఉంటాయి, ఎవరు దొంగో ఎవరు కాపలాదారో మొహం మీద రాసి ఉండదు. అన్నింటినీ తిప్పికొట్టమని అడిగితే కాపలాదారుకూ దెబ్బలు పడతాయి.

ఇక 2011 కథ. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, అతుల్ బుట్టే బృందం, మీరు చేసినట్టే ఎన్నో జబ్బుల జన్యు జాబితాలను తీసుకుని మొదటి కనెక్టివిటీ మ్యాప్‌లోని 164 మందులతో పోల్చారు. పేగు వాపు జబ్బులకు ఎదురుగా నిలిచిన వాటిలో అప్పటికే ఆ జబ్బుకు వాడే స్టెరాయిడ్ ప్రెడ్నిసొలోన్ ఉంది. అది చూసి వాళ్లకు ధైర్యం వచ్చి ఉంటుంది, నాకైనా వచ్చేది. దాంతోపాటు ఎవరూ ఊహించనిది ఇంకొకటి పైకి వచ్చింది. టోపిరామేట్, మూర్ఛకూ పార్శ్వపు తలనొప్పికీ వాడే మాత్ర. వాళ్లు మీలా అక్కడ ఆగలేదు. పేగును రసాయనంతో వాపు చేసిన ఎలుకలకు ఆ మందు ఇచ్చి చూశారు. నిజంగానే పేగు మెరుగుపడింది. పత్రం పెద్ద పత్రికలో వచ్చింది. వార్తలూ వచ్చాయి.

టోపిరామేట్‌ను అప్పటికే లక్షలమంది వాడుతున్నారు, వాళ్లలో కొందరికి పేగు వాపు జబ్బు కూడా ఉంది. అలాంటివాళ్ల బీమా రికార్డులను వేరే బృందం తీసి చూసింది. టోపిరామేట్ వాడినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగా ఉందా? లేదు. 2014లో వచ్చిన ఆ పత్రం పేరులోనే ఫలితం చెప్పేశారు, తగ్గించడం లేదని. లెక్క బాగుంది, ఎలుక బాగుపడింది, మనిషి దగ్గర ఆగిపోయింది.

ఇప్పుడు ఆ 2011 నాటి వార్త చదివి ఎవరైనా తమ్ముడు తన అక్కకు టోపిరామేట్ తెచ్చి ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఆ మందుకు ఆకలి తగ్గించి బరువు దించే గుణం ఉంది, క్రోన్స్ ఉన్నవాళ్లు అసలే బరువు నిలుపుకోలేక తంటాలు పడుతుంటారు. మూత్రపిండాల్లో రాళ్లు కలిగిస్తుంది, క్రోన్స్ ఉన్నవాళ్లకు రాళ్ల బెడద మామూలుగానే ఎక్కువ. మాట తడబడటం, ఆలోచన మందగించడం ఉంటుంది. గర్భంలో ఉన్న శిశువుకు పెదవి చీలిక వచ్చే ప్రమాదం పెంచుతుంది, ఆ అక్క వయసు ముప్ఫై దరిదాపుల్లో ఉందనుకోండి. గుంటలోని కణానికి మూత్రపిండాల్లేవు, కడుపు లేదు, బిడ్డ లేదు. అది వీటిలో ఒక్కటీ చెప్పలేదు.

మోతాదు సంగతీ ఇక్కడే అనేస్తాను. ఎక్కువ ప్రయోగాల్లో మందును 10 మైక్రోమోలార్ గాఢత దరిదాపుల్లో వేస్తారు. చాలా మందులు మనిషి రక్తంలో అంత గాఢతకు చేరవు. చేరినా అందులో ఎక్కువ భాగం రక్తంలోని ప్రోటీన్లకు అతుక్కుపోతుంది. గుంటలో జరిగింది ఒంట్లో జరగాలంటే మాత్రలు గుప్పెడు మింగాలి, అప్పుడు జరిగేది వేరే.

ఇంతా చెప్పాక ఈ పద్ధతే దండగ అనుకుంటారేమో. కాదు. దాన్ని దేనికి వాడాలో దానికి వాడినప్పుడు అద్భుతంగా పనిచేసింది. 2006లోనే ఒక బృందం, స్టెరాయిడ్లకు లొంగని రక్త క్యాన్సర్ కణాలను లొంగే స్థితికి మార్చేది ఏదని వెతికితే రాపామైసిన్ పైకి వచ్చింది. ల్యాబ్‌లో పరీక్షిస్తే నిజమే, మొండి కణాలు మళ్లీ స్టెరాయిడ్‌కు లొంగాయి, ఎంసీఎల్1 అనే ప్రోటీను తగ్గడం వల్ల అలా జరుగుతోందనీ తేలింది. అదే ఏడాది ఇంకో బృందం దగ్గర గెడునిన్ అనే పదార్థం ఉంది. మన వేప చెట్టులో దొరికేదే. ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద అది పనిచేస్తోంది, ఎలాగో తెలియదు. దాని వేలిముద్రను మ్యాప్‌లో పెడితే హెచ్ఎస్‌పీ90 అనే ప్రోటీనును ఆపే మందుల వేలిముద్రలతో కలిసింది. తర్వాతి పరీక్షల్లో అది నిజమైంది. (వేపాకు నమిలితే క్యాన్సర్ పోతుందని దీన్ని వాట్సాప్‌లో పంపేవాళ్లు దయచేసి ఈ పేరా దాటేయండి.) ఈ రెండు చోట్లా ప్రశ్న కణం గురించే, జవాబూ కణంలోనే దొరికింది. "ఈ మందు కణంలో ఏ మీట నొక్కుతోంది?" అని అడిగితే ఈ మ్యాప్ బాగా చెబుతుంది. "ఈ మనిషికి ఏ మందు ఇవ్వాలి?" అంటే తడబడుతుంది.

ఎంత తడబడుతుందో ఒక అంకె చూడండి. పాత మ్యాప్‌లో ఒక మందుకు వచ్చిన వేలిముద్రను కొత్త మ్యాప్‌లో పెట్టి వెతికితే అదే మందు పైకి రావాలి కదా. జబ్బు లేదు, రోగి లేడు, దొంగ తన ఫొటోకు తానే సరిపోవాలి, అంతే. 2021లో అలా పరీక్షించినవాళ్లకు సరైన మందు పై వరుసల్లో కనిపించింది 17 శాతం సార్లు.

మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కనుక మీకు నచ్చే పని ఒకటి చెప్తాను. మీ జాబితాలో పైకి ఎన్ని, కిందికి ఎన్ని జన్యువులు ఉన్నాయో, అన్నే జన్యువులను యాదృచ్ఛికంగా ఎంపిక చేసి ఇరవై ఉత్తుత్తి జాబితాలు తయారుచేయండి. ఏ జబ్బుకూ సంబంధం లేనివి. ఒక్కొక్కటీ వెతకండి. మీ మాత్ర వాటిలో ఎన్నిసార్లు మైనస్ 90 దాటుతుందో రాసుకోండి. తర్వాత వేరే రోగులతో, వేరే బృందం చేసిన ఇంకో క్రోన్స్ పత్రం జాబితాతో అదే వెతకండి. అప్పుడు మీ మాత్ర ఎక్కడుంది? అన్ని కణాల సగటు చూడకుండా హెచ్‌టీ29 ఒక్కదానిలో ఎలా ఉందో విడిగా చూడండి. స్టెరాయిడ్లు ఎక్కడ ఉన్నాయో కూడా చూడండి, అవి ప్లస్ వైపు తేలితే మీ జాబితానే అనుమానించాలి. ఈ నాలుగూ దాటి నిలబడితే మీ చేతిలో మంచి ప్రశ్న ఒకటి ఉన్నట్టు. మందు ఉన్నట్టు మాత్రం అప్పటికీ కాదు.

డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. నవ్వితే నవ్వనివ్వండి, నవ్వు వల్ల పేగుకు నష్టం లేదు. కానీ ఆ మాత్ర పేరుతో మాట మొదలుపెట్టకండి. మొదట అడగాల్సింది ఇది: "నాలుగేళ్లలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, ఇప్పుడున్న చికిత్స సరిపోతోందా?" మీ ఉత్తరంలో నన్ను ఆపినది మైనస్ 97 కాదు, ఈ రెండుసార్లు అన్న మాట. అజాథయోప్రిన్ ఒంట్లో చేరాల్సిన స్థాయికి చేరుతోందో లేదో రక్తపరీక్షతో చూడవచ్చు. ఇంకో మందు కలపడమో మార్చడమో ఆలోచించవచ్చు. 2010లో అచ్చయిన సోనిక్ అనే క్లినికల్ ట్రయల్‌లో, అంతకుముందు ఇలాంటి మందులు వాడని 508 మంది క్రోన్స్ రోగులను మూడు గుంపులు చేశారు. 26 వారాల తర్వాత స్టెరాయిడ్ లేకుండా జబ్బు అణిగినవాళ్లు అజాథయోప్రిన్ ఒక్కటే తీసుకున్న గుంపులో 30 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే అయితే 44.4 శాతం, రెండూ కలిపితే 56.8 శాతం. మీరు శాతం కోసం వెతికారు కదా, శాతం అంటే ఇదీ. ఈ అంకెల వెనుక ఉన్నది మనుషులు. మీ అక్కగారు ఇప్పటికే అజాథయోప్రిన్ వాడుతున్నారు కాబట్టి ఈ లెక్క ఆమెకు యథాతథంగా అతకదు, ఆ మందులకూ ఇన్ఫెక్షన్ల వంటి ప్రమాదాలు ఉన్నాయి, ముందు క్షయ పరీక్ష చేస్తారు. ఆమెకు ఏది సరిపోతుందో చూసిన డాక్టరు చెప్పాలి.

ఆ మాట అయ్యాక మీ మాత్ర సంగతి ఎత్తండి, ఒక్క కాగితంలో. ఏ జాబితా, ఏ కణాలు, పైన చెప్పిన పరీక్షల్లో ఏం తేలింది. అడగాల్సింది "ఇవ్వమంటారా" అని కాదు. "దీని మీద రోగులతో ట్రయల్ ఏదైనా జరుగుతోందా, అక్క వాడే మందులతో దీనికి పడుతుందా" అని. రెండో ప్రశ్న లాంఛనం అనుకోకండి. గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే అల్లోప్యూరినాల్ ఎంత మామూలు మాత్రో మీకు తెలుసు. అజాథయోప్రిన్‌ను ఒంట్లో విరగ్గొట్టే దారుల్లో ఒకదాన్ని అది మూసేస్తుంది. రెండూ మామూలు మోతాదుల్లో కలిస్తే ఎముక మజ్జలో రక్తకణాల తయారీ ప్రమాదకరంగా పడిపోతుంది. నిపుణులు ఈ రెండింటినీ కావాలనే కలిపి వాడే సందర్భాలూ ఉన్నాయి, అజాథయోప్రిన్ మోతాదు బాగా తగ్గించి, రక్తపరీక్షలు చేయిస్తూ. ఇంట్లో చేసే పని కాదు. ఇంకో సంగతి, ఐబుప్రోఫెన్ వాపు తగ్గించే మందు కదా, అది కొందరిలో క్రోన్స్‌ను రేపుతుంది. పేరును బట్టి, తర్కాన్ని బట్టి మందు నడవదు.

చివరగా మీ అక్కగారిని ఒకటి అడగండి. కొత్త మాత్ర మీద ఆశతో పాతది ఆపాలంటోందా, లేక పాతది ఆపడానికి కారణం కోసం చూస్తోందా? అజాథయోప్రిన్‌తో కడుపులో తిప్పడం, నీరసం కొందరికి ఉంటాయి. చెప్పకుండా భరిస్తూ ఉండి ఉంటారు. అదే అయితే దానికి దారి ఉంది, అది పడనివాళ్లలో చాలామందికి దాని దగ్గరి చుట్టం మెర్కాప్టోప్యూరిన్ పడుతుంది. మీరు రాత్రుళ్లు కూర్చుని జన్యువుల జాబితాలు వెతుకుతున్నప్పుడు ఈ ప్రశ్న అడగడం మరిచిపోయారేమో అనిపించింది, తప్పుగా అనుకోకండి.

ఆ ఇరవై ఉత్తుత్తి జాబితాల్లో మీ మాత్ర ఎన్నిసార్లు పైకి వచ్చిందో నాకు తప్పకుండా రాయండి. నా అంచనా ఒక కాగితం మీద రాసి సొరుగులో పెట్టాను.